గింజ పేలిన చప్పుడు

చాయ్ తప్ప మరొకటి ఎరగని తుకారాం కాఫీ గింజలు వేయించడానికి పూనుకున్నాడంటే అందుకు కారణం సత్యదేవ్. ఇద్దరూ ఒకేనాడు అసిస్టెంట్ డ్రైవర్లుగా చేరారు. ఒకే గదిలో ఉన్నారు, ఒకే గిన్నెలో వండుకు తిన్నారు. ముప్పై ఆరేళ్లు రైలింజన్లు నడిపి ఒకే ఏడాది రిటైరయ్యారు. సత్యదేవ్ తనవాళ్ల వైపు వెళ్లి విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. తుకారాం చిలకలగూడలో, మేడ మీద అద్దెకున్న రెండు గదుల్లోనే భార్య విజయమ్మతో ఉండిపోయాడు.

రిటైరైన మొదటి నెలంతా నిద్రలోనే గడిచిపోయింది. ఆ తర్వాత పొద్దు గడవడమే కష్టమైంది. వంటింట్లో డబ్బాలన్నీ దించి సైజుల వారీగా సర్దాడు. ఉప్పు ఎక్కడుందో తెలియక విజయమ్మ నానా తిట్లూ తిట్టింది. అలాంటి రోజుల్లో ఓ పార్సిల్ వచ్చింది. విప్పితే గుడ్డసంచిలో ఐదు కిలోల గింజలు. ఆకుపచ్చలో బూడిదరంగు కలిసి, పెసలకు పెద్దన్నల్లా ఉన్నాయి.

ఫోన్ చేస్తే సత్యదేవ్ నవ్వాడు. తుకారాం ఎప్పటిలాగే స్పీకర్ పెట్టి, ఫోన్‌ను చెవికి ఆనించుకున్నాడు. ఈమధ్య ఫోన్లన్నీ నాసిరకం అయిపోయాయనీ, టీవీలో చదివేవాళ్లు మాటలు నమిలి మింగుతున్నారనీ అతని ఫిర్యాదు.

"అరకు వెళ్లానురా. ఒక రైతు ఇంట్లో కొన్నా. ఇంట్లో వేయించుకుని, పొడి చేసుకుని తాగి చూడు. ఇక చాయ్ మొహం చూడవు."

"నాకేం తెల్వద్‌రా గిదంత."

"తెలియడానికేముంది? మూకుడు పెట్టు, గింజలు పొయ్, చెయ్యి ఆపకుండా కలుపు. ముందు పసుపెక్కుతాయి, తర్వాత ఎర్రబడతాయి. పది పన్నెండు నిమిషాలకి చిటపటమని పేలతాయి, పేలాల్లాగా. ఆ చప్పుడు మొదలైన దగ్గర్నుంచి రెండు నిమిషాలు లెక్కపెట్టుకుని దించెయ్. దించలేదనుకో, కాసేపటికి సన్నగా రెండోసారి పేలడం మొదలెడతాయి. అక్కడిదాకా పోతే బొగ్గే. రంగు చూసి మోసపోకు. అంతా చెవిలోనే ఉంది. నీకున్న చెవి ఇంకెవడికుందిరా!"

ఆ చివరి మాట తుకారాంకు తేనె తాగినట్టనిపించింది. నిజమే మరి. ఇంజన్ల షెడ్డులో 'తుకారాం చెవి' అంటే ఒక పేరు. బండి కదిలిన నాలుగు నిమిషాల్లో ఏ చక్రం అరిగిందో, ఏ గొట్టం నుంచి గాలి పోతోందో కూర్చున్న చోటి నుంచే చెప్పేవాడు. మెకానిక్‌లు మొదట నవ్వేవారు. విప్పి చూశాక నవ్వడం మానేసేవారు.

"వచ్చే నెల ఇరవయ్యో తారీకు మా తోడల్లుడి కూతురు పెళ్లి, మీ మారేడ్‌పల్లిలోనే. వస్తా. నీ చేతి కాఫీ తాగే వెళ్తా," అని పెట్టేశాడు సత్యదేవ్.

మర్నాడే షురూ చేశాడు తుకారాం. విజయమ్మ గారెలు చేసే ఇనప మూకుడు పొయ్యి మీదికెక్కింది. రెండు గుప్పిళ్ల గింజలు పోసి కలపసాగాడు. పచ్చివాసన పోయింది, గింజలు పసుపెక్కాయి, కాల్చిన రొట్టె వాసన వచ్చింది, తర్వాత ఎర్రబడ్డాయి. పొట్టు లేచి పొయ్యి చుట్టూ ఎగిరింది. అతను తల ఒక పక్కకు వంచి, ఇంజన్‌లో కూర్చున్నప్పటిలాగే చెవి ఒగ్గి నిలబడ్డాడు. గింజలు పేలలేదు. మంట పెంచాడు. అయినా పేలలేదు. పొగ కళ్లలోకి కొట్టి, గింజలు నల్లబడి నూనె కారుతున్నా అతను పేలుడు కోసమే చూస్తున్నాడు. చివరికి దగ్గు తెరలు తెరలుగా వచ్చి పొయ్యి ఆపేశాడు.

కింది వాటాలో ఉండే లీలాకుమారి పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగున పైకొచ్చింది. భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్లది, కాఫీ లేనిదే తెల్లారదు.

"అన్నయ్యగారూ, ఏవైందండీ? ఏదో అంటుకుందేమోనని హడిలిపోయాను!"

సంగతి తెలిసి నవ్వి, తన ఇత్తడి ఫిల్టర్ తెచ్చిచ్చింది. "మీ కాఫీ కుదిరాక మాకూ ఓ గ్లాసు పొయ్యండి," అంది.

తప్పు మూకుడిదనుకున్నాడు. మోండా మార్కెట్టుకు నడిచి వెళ్లి, గిన్నెల దుకాణాలన్నీ తిరిగి, అడుగు మందంగా ఉన్న బాణలి తెచ్చాడు. రెండోసారీ అదే బొగ్గు. మూడోసారి మాడుతుందన్న భయంతో ఎర్రబడగానే దించేశాడు. ఆ గింజలు మిక్సీలో నలగనే లేదు. జార్ గరగరమని, మూత ఎగిరి, పలుకులు వంటిల్లంతా చిందాయి. నలిగిన కాస్త పొడితో డికాక్షన్ తీస్తే ఉడకబెట్టిన గడ్డినీళ్లలా ఉంది. విజయమ్మ ఒక్క గుక్క తాగి, లేచి వెళ్లి ఉమ్మేసి వచ్చింది.

"ఏందయ్యా నీ తక్లీఫ్? గా చాయ్ తాగి సప్పుడు చేయకుండ కూసోరాదు?"

"గింజలే మంచిగ లెవ్వు. పేలుతనే లెవ్వు," అన్నాడు తుకారాం. ఆ మాటే సత్యదేవ్‌కూ ఫోన్ చేసి చెప్పాడు. "పేలకుండా ఎలా ఉంటాయిరా? పచ్చి కాఫీ గింజ అన్నాక పేలాల్సిందే," అని సత్యదేవ్ ఆశ్చర్యపోయాడు. నాలుగోసారి గడియారం పెట్టుకుని పదమూడు నిమిషాలకు దించాడు. ఆరోజు సిలిండర్ అయిపోవచ్చి మంట సన్నగా ఉంది, సగం గింజలు లోపల పచ్చిగానే ఉండిపోయాయి. తల పట్టుకున్నాడు.

ఐదోసారి వేయిస్తున్నప్పుడు విజయమ్మ వంటింటి గడప దగ్గర చాట ముందేసుకుని పుంటికూర తెంపుతోంది. గింజలు ముదురు రంగుకు వచ్చాయి. అతను చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"ఇగ దించవా?" అంది ఆమె గట్టిగా.

"దించుడేందే? ఇంక పేలనే లేదు."

కూర తెంపుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. "పేలకపోవుడేంది? ఎప్పటిసంది టపటపమంటున్నయ్ గద!"

హాస్యమాడుతోందనుకుని తిరిగి చూశాడు. విజయమ్మ హాస్యాలాడే మనిషి కాదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపాడు. ముందుగదిలో టీవీ కట్టేసి వచ్చాడు. బాణలి మీదికి వంగాడు. వేడి చెవి తమ్మెను చురుక్కుమనిపించింది. తల లోపల ఎక్కడో హోరుమంటోంది, అంతే.

"ఇప్పుడు?" అన్నాడు.

"ఇప్పుడు సుత. అగో... అగో, ఇంకోటి."

ఆమె 'అగో' అన్నప్పుడల్లా అతను గింజల్లోకి చూశాడు. ఒకచోట ఒక గింజ కాస్త ఎగిరి పడింది. మరోచోట మరొకటి నడుమ చీలి విచ్చుకుంది. కళ్ల ముందే పేలుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. టీవీ గొంతు నొక్కేసి బొమ్మ ఒక్కటే చూస్తున్నట్టుంది. గరిటె పట్టుకున్న చెయ్యి కలపడం మానేసింది. పొగ లేచింది. విజయమ్మ లేచి వచ్చి పొయ్యి ఆపింది.

"జలుబు చేసినట్టుంది," అన్నాడు తుకారాం. అతనికి జలుబు లేదు.  ఆమె మాడిన గింజలు పళ్లెంలో పోసి కిటికీ దగ్గర పెట్టింది.

ఆ మధ్యాహ్నం మంచం మీద కూర్చుని చేతిగడియారాన్ని కుడిచెవికి పెట్టుకున్నాడు, తర్వాత ఎడమచెవికి. టిక్కుటిక్కుమనే చప్పుడు ఏ చెవికీ అందలేదు. కుక్కర్ కూత వినపడుతుంది. వీధిలో ఆటో హారన్ వినపడుతుంది. అందుకే తనకేం కాలేదనుకున్నాడు ఇన్నాళ్లూ. సన్నటి చప్పుళ్లు ఎప్పుడు వెళ్లిపోయాయో, ఒక్కొక్కటే పోయాయో అన్నీ కట్టగట్టుకుని పోయాయో తెలియలేదు. పోయేటప్పుడు చెప్పి పోతే కదా.

ఆలోచన అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. రిటైర్మెంటుకు ముందటి చలికాలం గుర్తొచ్చింది. బొగ్గు బండి నడుపుతున్నాడు. పక్క సీట్లో అసిస్టెంట్ భానుప్రకాశ్. ఉన్నట్టుండి భానుప్రకాశ్ లేచి వచ్చి అతని భుజం పట్టుకుని కుదిపాడు. "సార్, గార్డు పిలుస్తుండు. బండి ఆపమంటుండు," అన్నాడు. ఆపి దిగి చూస్తే మధ్యలో ఒక వ్యాగన్ ఇరుసు కాలి ఎర్రబడి ఉంది. వాకీటాకీలో గార్డు మూడుసార్లు పిలిచాడట. "నాకు ఇనవడ్డది, ఆపుతనే ఉన్న," అన్నాడు తుకారాం ఆరోజు. అబద్ధమాడాననుకోలేదు. విన్నాననే అనుకున్నాడు. వినలేదని ఇప్పుడు తెలిసింది. ఇంకెన్ని వినలేదు? ఆ రోజుల్లో ప్యాసింజర్ బళ్లు కూడా నడిపాడు. వెనక పెట్టెల్లో పిల్లాపాపలతో నిద్రపోయిన జనం ఎంతమందో.

మర్నాడు సికింద్రాబాద్ స్టేషన్ దాకా నడిచాడు. భానుప్రకాశ్ ఇప్పుడు తనే డ్రైవర్. డ్యూటీ దిగి వస్తూ తుకారాంను చూసి గబగబా వచ్చి నమస్తే పెట్టాడు. స్టేషన్ బయట చాయ్ దుకాణంలో ఎదురెదురుగా కూర్చున్నారు. తుకారాం అతని పెదాల వంకే చూస్తూ అడిగాడు.

"భానూ, ఒక్క మాట నిజం చెప్పు. ఆఖర్ల నాకు ఇనవడ్తుండెనా?"

భానుప్రకాశ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నిదానంగా, గట్టిగా చెప్పాడు. అంత నిదానంగా, అంత గట్టిగా చెప్పడం అతనికి అలవాటేనని తుకారాంకు అప్పుడే తట్టింది.

"ఇనవడకపోతుండె సార్, నాకు తెల్సు. రెండేండ్లు తక్కువ కాకుంట. వాకీటాకీకి మీరు జవాబియ్యకుంటె నేనే ఇస్తుంటి. సిగ్నల్ రంగు గట్టిగ ఒర్రుతుంటి. గట్ల ఒర్రకురా అని మీరు తిడ్తుండిరి."

"ఎవ్వరికి చెప్పలె ఎందుకు?"

"ఎట్ల చెప్త సార్? నాకు బండి నేర్పిందే మీరాయె. జెర రోజులల్ల ఇజ్జత్‌తోని దిగిపోతరు గదా అనుకున్న." అతని గొంతు సన్నబడింది. చివరి మాటలు తుకారాం పెదాలను బట్టే పోల్చుకున్నాడు. "నాకు సుత భయమయ్యేది సార్. రోజు దండం పెట్టుకొని ఎక్కుతుంటి."

కోపం తెచ్చుకోవాలని చూశాడు తుకారాం. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. "చెప్పాల్సి ఉండెరా, నాకన్న చెప్పాల్సి ఉండె," అని మాత్రం అన్నాడు. జరగరానిది ఏదీ జరగలేదు. అలాగని సంతోషించడానికీ మనసు రాలేదు. ఎవరి దగ్గరికి వెళ్లి, ఏమని ఒప్పుకోవాలి? జరగని దానికి క్షమాపణ ఎవరిని అడగాలి? ఇంటికొచ్చి విజయమ్మకు అంతా చెప్పాడు. ఆమె విని, చాలాసేపు అతని వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

పెళ్లి దగ్గరపడింది. కాఫీ సంగతి మరచిపోదామన్నాడు తుకారాం. విజయమ్మ ఒప్పుకోలేదు. "నీ దోస్తు అంత దూరంకెళ్లి పంపిండు. నేను గడప కాడ నిలవడ్త. పేలంగనే తల ఊపుత. నువ్వు లెక్కవెట్టుకొని దించు," అంది.

అలాగే చేశారు. రెండు రోజులు రెండు వాయిలు వేయించారు. ఆమె తల ఊపడం, అతను రెండు నిమిషాలు లెక్కపెట్టడం, గింజలు జల్లెడలో పోసి ఫ్యాన్ కింద ఆరబెట్టడం. గింజలు చాకొలెట్ రంగులో నిగనిగలాడుతూ సమంగా వచ్చాయి. లీలాకుమారి తాగి, "ఇది కదండీ కాఫీ అంటే!" అని గ్లాసు చివరి చుక్కదాకా వంపుకుంది. తుకారాంకూ రుచి తెలిసింది. కానీ తను చేసిన కాఫీ అని మాత్రం అనిపించలేదు. చేతులు తనవి, చెవులు వేరొకరివి.

పెళ్లయిన మర్నాడు పొద్దున సత్యదేవ్ వచ్చాడు. వస్తూనే తుకారాంను వాటేసుకుని, ఇల్లంతా నవ్వుతో నింపేశాడు. పొడి సిద్ధంగా ఉందని విజయమ్మ చెప్పినా వినలేదు.

"కాదు చెల్లెమ్మా, వాడు వేయిస్తుంటే నేను చూడాలి. ఆ చెవి పనితనం కళ్లారా చూడాలి," అంటూ వచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. భారీ మనిషి, గుమ్మమంతా నిండిపోయాడు. అతని వెనక విజయమ్మ ఉందో లేదో కూడా కనపడటం లేదు.

తుకారాం బాణలి పెట్టాడు. గింజలు పోశాడు. జరగమని సత్యదేవ్‌తో ఎలా అనాలో తెలియలేదు. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? కలుపుతూనే ఉన్నాడు. పసుపెక్కాయి, ఎర్రబడ్డాయి. తుకారాం సత్యదేవ్ భుజం మీదుగా అటూ ఇటూ చూశాడు. ఒకసారి విజయమ్మ కొంగు అంచు కనపడింది, మళ్లీ మాయమైంది. ఒక గింజ ఎగిరినట్టుంది. గరిటె తగిలి ఎగిరిందో, పేలి ఎగిరిందో! సత్యదేవ్ ముఖం వంక చూశాడు. అతను నవ్వు ముఖంతో, కాళ్ల మడమలెత్తి, స్నేహితుడు ఎప్పుడు దించుతాడా అని ఎదురు చూస్తున్నాడు. ఆ నవ్వు మెల్లగా తగ్గడం తుకారాంకు కనపడింది. కనుబొమలు ముడిపడటం కనపడింది. వెనక నుంచి విజయమ్మ ఏదో అరిచినట్టుంది, సత్యదేవ్ తల అటు తిరిగింది. పొగ లేస్తోంది. అయినా తుకారాం ఆపలేకపోయాడు. ఆపితే ఊహించి ఆపినట్టు, ఆపకపోతే చెవి పోయిందని తెలిసిపోయినట్టు. రెండూ ఒకటే అయ్యాయి.

సత్యదేవే ముందుకొచ్చి పొయ్యి కట్టేశాడు.

"ఎన్నాళ్లయిందిరా?" అన్నాడు. తుకారాం పెదాలను బట్టి పోల్చుకున్నాడు.

"ఏమోరా. నాకే ఎరుక లేదు."

సత్యదేవ్ అతన్ని చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. పక్కనే కూర్చుని, అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, తల దించుకుని చాలా మాటలు చెప్పాడు. మధ్యలో ఒకసారి భుజాలు కదిలాయి, ఏడుస్తున్నాడో ఏమో. తల దించుకోవడం వల్ల తుకారాంకు ఒక్క మాటా అందలేదు. ఇంజన్ గురించా, హారన్ గురించా, తన సొంత కష్టం గురించా? మళ్లీ చెప్పమని అడగడానికి నోరు రాలేదు. అలాంటి మాటలు ఎవరూ రెండోసారి చెప్పరు. "ఔన్‌రా, ఔను," అంటూ కూర్చున్నాడు. విజయమ్మ నిన్నటి పొడితో కాఫీ తెచ్చింది. ముగ్గురూ తాగారు. సత్యదేవ్ వెళ్లే ముందు గుమ్మంలో ఆగి, తుకారాం ముఖంలోకి చూస్తూ, "డాక్టర్‌కి చూపించుకో. ఒట్టు," అన్నాడు. ఆ మాట మాత్రం బాగా అందింది.

వారం తర్వాత భార్యాభర్తలిద్దరూ చెవుల ఆసుపత్రికి వెళ్లారు. చెవులు పరీక్షించే అమ్మాయి పేరు నీహారిక. అతన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికొక మీట ఇచ్చింది. చప్పుడు వినపడ్డప్పుడల్లా నొక్కాలి. తుకారాం ఆమె చేతుల కదలికే చూస్తూ కూర్చున్నాడు. ఆమె తలుపు తీసుకుని లోపలికి వచ్చింది.

"అంకుల్, నన్ను చూడొద్దు. కళ్లు మూసుకోండి."

కళ్లు మూసుకున్నాడు. మొదట బొంగురుగా కొన్ని మోతలు వచ్చాయి, నొక్కాడు. తర్వాత ఏమీ లేదు. ఏమీ లేదా, లేక తనకే అందడం లేదా?  ఒకసారి ఊహించి నొక్కాడు. బడిలో లెక్క రాక పక్కవాడి పలకలోకి చూసినట్టు సిగ్గేసి, ఇక నొక్కలేదు. ఆ చీకట్లో ఎంతసేపు కూర్చున్నాడో.

పరీక్ష ముగిశాక చూస్తే, కాగితం మీద చెవికొకటిగా రెండు గీతలు ఎడమ నుంచి కుడికి జారుడుబండలా కిందికి దిగి ఉన్నాయి. నీహారిక వాటిని చూపిస్తూ ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. లోపలి నరమే దెబ్బతింది, ఏళ్ల తరబడి పెద్ద చప్పుళ్ల మధ్య పనిచేసినవాళ్లకు ఇలాగే అవుతుంది. చెవికి మిషన్ పెట్టుకుంటే ఎదుటివాళ్ల మాట కొంత మెరుగ్గా అందుతుంది. సన్నటి చప్పుళ్లు మాత్రం ఇక రావు.

"ఇంక కొన్ని రోజులైతే ఇప్పుడు ఇనవడేటియి సుత పోతయా అమ్మా?" అని అడిగాడు.

"చెప్పలేం అంకుల్," అంది ఆ అమ్మాయి.

మిషన్‌కు కొలతలు ఇచ్చి బయటికొచ్చారు. ఆటో ఎక్కారు. ట్రాఫిక్ హోరు ఒక్కసారిగా రెండు చెవుల్లోకీ దూరింది. సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు విజయమ్మ అతని వైపు తిరిగి ఏదో అంది.

"ఏందీ?"

ఆమె మళ్లీ అంది. పక్కన బస్సు ఇంజన్ మోత. పెదాలు చూశాడు, కానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఇనవడలేదే. జెర గట్టిగ చెప్పు."

విజయమ్మ కొంగు తీసింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. డ్రైవర్ వీపు వైపు ఒకసారి చూసింది, గట్టిగా చెప్పదగ్గ మాట కాదు కాబోలు.

"ఏం లేదు తియ్," అంది.

ఆటో కదిలింది. ఏం లేకుండా కళ్లు తడవవని తుకారాంకు తెలుసు. అయినా మూడోసారి అడగలేదు. ఆమె చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. చిలకలగూడ వచ్చేదాకా ఇద్దరూ అలాగే రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.